కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయా?

విద్యార్థులారా! మీ ప్రధానోపాధ్యాయుల గదిలో ఒక అద్దాల బీరువా ఉండే ఉంటుంది. కబడ్డీలో జిల్లా విజేత, వైజ్ఞానిక ప్రదర్శనలో ద్వితీయ బహుమతి, పదో తరగతిలో నూరుశాతం ఉత్తీర్ణత అంటూ అందులో షీల్డులూ కప్పులూ వరుసగా నిలబడి ఉంటాయి. బడిలో కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నందుకు, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి గొళ్ళెం ఉన్నందుకు, అన్నానికి ముందు పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కుంటున్నందుకు ఒక షీల్డు ఇవ్వవచ్చునని చాలాకాలం మన దేశంలో ఎవరికీ తోచలేదు.

2017 సెప్టెంబరు 1న ఢిల్లీలో ఆ పని జరిగింది. దేశం నలుమూలల నుంచి ఎంపికైన 172 ప్రభుత్వ పాఠశాలలకు 'స్వచ్ఛ విద్యాలయ పురస్కారం' అందజేశారు. ఒక్కొక్క బడికి ధ్రువపత్రం, 50 వేల రూపాయలు. ఆ మొదటి విడతకు తమంతట తాముగా దరఖాస్తు చేసుకున్న బడులు 2,68,402. మంచి పనితీరు చూపినందుకు మూడు రాష్ట్రాలను కూడా ఆ వేదికపై సత్కరించారు: ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, రాజస్థాన్.

ఈ పాఠాన్ని నేను రాయపూర్‌లో కూర్చుని రాస్తున్నాను. విజయనగరం నుంచి తూర్పు కనుమలు దాటి వచ్చే రైలుమార్గం చేరే ఊరు ఇది. 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్ రాజధాని. ఇక్కడి నుంచి చూస్తే ఆ పురస్కారం కథ కొంచెం వేరుగా కనిపిస్తుంది. ఆ సంగతికి చివర్లో వద్దాం. ముందు కథ ఎక్కడ మొదలైందో చూద్దాం.

బడిపిల్లల ఆరోగ్యాన్ని పట్టించుకోవడం మన దేశంలో కొత్త సంగతి కాదు. 1909లోనే బరోడా నగరంలో బడిపిల్లలకు వైద్య పరీక్షలు జరిగాయి. 1920లో మద్రాసు కార్పొరేషన్ తన బడుల్లో పిల్లలకు పగటిపూట తిండి పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో పిల్లవాడి మీద రోజుకు ఒక అణా మించకూడదని నియమం. అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. మద్రాసు తెలుగువాళ్ళు ఈ సంగతి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. అయితే ఇవన్నీ అక్కడక్కడ వెలిగిన దీపాలు. 1943లో నియమితమైన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇస్తూ, దేశంలో పాఠశాల ఆరోగ్య సేవలు దాదాపు లేనట్లేనని తేల్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక మన దృష్టంతా బడుల సంఖ్య మీద పడింది. అది సహజమే. బడే లేని ఊళ్ళు వేలు ఉన్నప్పుడు, ఉన్న బడిలో మరుగుదొడ్డి గురించి అడిగేదెవరు? చెట్టు కింద బడి, పాక బడి, ఒక్క గది బడి. 'నీళ్ళెక్కడ?' అంటే ఊరి బావి చూపించేవారు.

ఇక్కడ మన ప్రాంతపు ముచ్చట ఒకటి చెప్పాలి. నీళ్ళు ఉండటం వేరు, మంచి నీళ్ళు ఉండటం వేరు అని దేశానికి నేర్పింది తెలుగు నేలే. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని వైద్య పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో ఒక వింత వ్యాధిని వర్ణించారు. పళ్ళపై గోధుమరంగు మచ్చలు, వంగని నడుములు, బిగుసుకుపోయిన కీళ్ళు. కారణం బావి నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడ్. ఆ తర్వాత నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధికి పర్యాయపదంలా మారిపోయింది. 1970ల్లో నాగపూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి రూపొందించినప్పుడు దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు పెట్టారు. ఊరి పేరు ఒక చికిత్సకు వచ్చిందని సంతోషించాలో, ఆ అవసరం వచ్చినందుకు బాధపడాలో తెలియదు. ఫ్లోరైడ్ ఉన్న నీరు కంటికి స్వచ్ఛంగానే ఉంటుంది, రుచికీ తేడా తెలియదు. అందుచేత బడి ఆవరణలో చేతిపంపు ఉంది అని రాసుకుని వెళ్ళిపోయే తనిఖీదారుడికి అది ఎన్నటికీ దొరకదు.

ఇక చట్టం ఎలా కదిలిందో చూద్దాం. చెప్పడానికి కష్టంగా ఉన్నా నిజం ఇదే: పిల్లలు చనిపోయాకే కదిలింది.

2004 జూలై 16. తమిళనాడులోని కుంభకోణం. ఇరుకు భవనంలో నడుస్తున్న ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండే చోట పుట్టిన నిప్పు పైన ఆకుల కప్పుకు అంటుకుంది. 94 మంది పిల్లలు కాలిపోయారు. ఈ ఘటన తర్వాత అవినాశ్ మెహ్రోత్రా అనే వ్యక్తి సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. 2009 ఏప్రిల్ 13న తీర్పు వచ్చింది. విద్యాహక్కులో సురక్షితమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఇమిడి ఉందని న్యాయస్థానం చెప్పింది. ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నింటా అగ్నిమాపక సామగ్రి ఉండాలి, సిబ్బందికి శిక్షణ ఉండాలి, భవనాలు జాతీయ నిర్మాణ నియమావళికి లోబడాలి అని ఆదేశించింది. అదే ఏడాది వచ్చిన విద్యాహక్కు చట్టం తన అనుబంధంలో బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు ప్రతి బడికీ ఉండాలని రాసింది. రాసినంత మాత్రాన జరగలేదు కాబట్టి 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు మరోసారి కల్పించుకుని, ఆరు నెలల్లో ఈ వసతులు కల్పించమని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

2013లో మళ్ళీ అదే జూలై 16. బీహార్‌లోని ఛప్రా దగ్గర గండామన్ గ్రామం. బడిలో వండిన అన్నం, కూర తిని 23 మంది పిల్లలు మరణించారు. కూరలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు చేరింది. పిల్లలకు వడ్డించకముందు ఉపాధ్యాయులతో సహా పెద్దలు రుచి చూడాలన్న నియమం కాగితంపై ఉండేది. దాని విలువ అప్పుడు తెలిసింది. తొమ్మిదేళ్ళ తేడాతో ఒకే తేదీన వచ్చిన ఈ రెండు దుర్ఘటనలూ వంటతోనే ముడిపడి ఉండటం గమనించండి. మన పర్యావరణ పాఠాల్లో అడవులూ పులులూ ఉంటాయి గాని బడి వంటగది ఉండదు. బడిపిల్లల పర్యావరణం అక్కడి నుంచే మొదలవుతుంది.

చట్టం శిక్షిస్తుంది, న్యాయస్థానం ఆదేశిస్తుంది. మూడో దారి ఒకటి ఉంది, మెచ్చుకోవడం. ఆ దారిలో మొదటి పెద్ద ప్రయత్నం 2003లో ప్రకటించిన 'నిర్మల్ గ్రామ్ పురస్కార్'. బహిరంగ మలవిసర్జన పూర్తిగా మానేసిన పంచాయతీలకు రాష్ట్రపతి చేతుల మీదుగా పురస్కారం, నగదు. ఊళ్ళోని బడికి, అంగన్‌వాడీకి మరుగుదొడ్డి లేకపోతే పంచాయతీకి అర్హత ఉండదు. బడి పారిశుధ్యం ఊరి పరువుతో ముడిపడటం అదే మొదలు. 2005లో తొలిసారి ఇచ్చినప్పుడు పురస్కారాలు 40 మాత్రమే. 2008 నాటికి ఒక్క ఏడాదిలోనే పన్నెండు వేలు దాటాయి.

సంఖ్య అంత వేగంగా పెరిగితే శాస్త్ర విద్యార్థికి వెంటనే అనుమానం రావాలి. అదే ఏడాది యూనిసెఫ్ కోసం ఒక అధ్యయనం జరిగింది. ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో పురస్కారం పొందిన 162 పంచాయతీలను మళ్ళీ వెళ్ళి చూశారు. పురస్కారం నాటి స్థితిలో పూర్తిగా నిలిచినవి వేళ్ళమీద లెక్కపెట్టదగినవే. చాలాచోట్ల దొడ్లు ఉన్నాయి, వాడకం తగ్గింది. పురస్కారం తీసుకున్న రోజున ఊరు ఒకలా ఉంది, ఆ తర్వాత ఇంకోలా మారింది. ఫోటో తీసినప్పుడు నవ్విన మనిషి రోజంతా నవ్వుతూ ఉండడు కదా!

ఈ పాఠం మనవాళ్ళకు ఒంటబట్టడానికి మరో పదేళ్ళు పట్టింది.

2014 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధానమంత్రి ఏడాదిలోగా ప్రతి బడిలోనూ ఆడపిల్లలకు ప్రత్యేక మరుగుదొడ్డి ఉండాలన్నారు. ఏడాది తర్వాత ప్రభుత్వం ప్రకటించిన లెక్క: 2.61 లక్షల పాఠశాలల్లో 4.17 లక్షల మరుగుదొడ్లు. మన దేశ చరిత్రలో ఇంత తక్కువ కాలంలో బడుల్లో ఇంత కట్టడం జరగలేదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడనక్కర్లేదు. ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్ల బడి మానేయడానికి ఉన్న కారణాల్లో ఒకదానిమీద సూటిగా దెబ్బ కొట్టిన పని అది.

ఇందులో ఒక భాగాన్ని ప్రభుత్వరంగ సంస్థలు కట్టాయి. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ కార్యాలయం 15 రాష్ట్రాల్లో ఆ మరుగుదొడ్లలో 2,695 ఎంచుకుని స్వయంగా వెళ్ళి చూసింది. 2020లో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆ నివేదికలోని అంకెలను మీ నోటు పుస్తకంలో రాసుకోండి. 83 కట్టనే లేదు. 200 కట్టామన్నారు గాని అక్కడ కనిపించలేదు. 86 సగంలో ఆగాయి. మిగిలిన 2,326లో 691 వాడుకలో లేవు. 1,679 చోట్ల లోపల నీటి సదుపాయం లేదు. 1,279 చోట్ల చేతులు కడుక్కునే ఏర్పాటు లేదు.

నీటి సదుపాయం లేనివి ఎంత శాతమో కట్టి చూడండి. 72 వస్తుంది. నీళ్ళు లేని మరుగుదొడ్డి శాస్త్రపరంగా మరుగుదొడ్డి కాదు, రోగక్రిములకు కట్టిన గది. మలంలోని సూక్ష్మజీవులు చేతులు, ఈగలు, తాగునీరు, తిండి ద్వారా మరొకరి నోటికి చేరతాయి. ఆ దారిని గోడలు అడ్డుకోలేవు. నీళ్ళు, సబ్బు అడ్డుకుంటాయి. సబ్బు అణువులో ఒక కొస నీటిని, మరో కొస కొవ్వును పట్టుకుంటుంది. చేతిమీది జిడ్డుతోపాటు దానికి అంటుకున్న క్రిములను కూడా కడిగి పారేస్తుంది. చాలా వైరస్‌లకు పైన ఉండే కొవ్వు పొరను చీల్చేస్తుంది కూడా. 2020లో ఈ సంగతి ప్రపంచం మొత్తానికీ అర్థమైంది.

2016లో ప్రకటించిన స్వచ్ఛ విద్యాలయ పురస్కారాన్ని ఈ నేపథ్యంలో చూస్తే దాని విలువ తెలుస్తుంది. మార్కులు ఐదు అంశాలకు: తాగునీరు, మరుగుదొడ్లు, సబ్బుతో చేతులు కడగడం, నిర్వహణ, పిల్లల అలవాట్లలో మార్పు. అంటే కట్టడం ఒక్కటే కాదు, కట్టినదాన్ని ఎవరు కడుగుతున్నారు, సబ్బు ఎవరు కొంటున్నారు అనే ప్రశ్నలకు కూడా మార్కులున్నాయి. వచ్చిన మార్కులను బట్టి బడికి ఐదు రంగుల్లో ఒకటి ఇచ్చారు. 90 శాతం దాటితే ఆకుపచ్చ, 35కి తగ్గితే ఎరుపు. బహుమతి రాని బడికి కూడా తన రంగేమిటో తెలుస్తుంది. నా ఉద్దేశంలో 172 బడుల ధ్రువపత్రాల కంటే రెండున్నర లక్షల పైచిలుకు బడులు ఒకరోజు కూర్చుని, తమ కుళాయిలు తాము లెక్కపెట్టుకోవడమే పెద్ద విషయం.

లోపం లేదా అంటే, ఉంది. సమాచారం మొదట బడే నింపుకోవాలి. తనిఖీ తర్వాత వస్తుంది, వస్తున్నట్టు ముందే తెలుస్తుంది. కొన్నేళ్ళ క్రితం ఒక తనిఖీ బృందంతో నేనూ ఒక బడికి వెళ్ళాను. పేరు అనవసరం. చేతులు కడిగే తొట్టె దగ్గర ఆరు కుళాయిలు, ఆరు సబ్బులు. ఆరూ కొత్తవి, ఒకదానికి ఇంకా కాగితం ఊడలేదు. పక్కనున్న ఐదో తరగతి పిల్లని హిందీలో అడిగాను, 'సబ్బు రోజూ ఇక్కడే ఉంటుందా అమ్మా?' అని. 'లేదు సార్, బీరువాలో ఉంటుంది. బయట పెడితే అయిపోతుంది కదా' అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు, ఆ మాస్టారిది దురుద్దేశమూ కాదు. సబ్బు కొనడానికి ఆయనకు విడిగా డబ్బు లేదు, అంతే. నా కాగితంలో సబ్బు 'ఉంది' అనే గడి ఒకటి, 'లేదు' అనే గడి ఒకటి. 'బీరువాలో ఉంది' అనే గడి లేదు.

నిర్వహణకు డబ్బు అనే ఈ చిక్కుముడిని విప్పడానికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రయత్నం జరిగింది. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభించిన 'మన బడి నాడు–నేడు' కింద మొదటి దశలో పదిహేను వేలకు పైగా బడుల్లో నీటి సరఫరాతో కూడిన మరుగుదొడ్లు, తాగునీరు వంటి పనులు చేపట్టారు. 2021లో అమ్మఒడి కింద తల్లులకు ఇచ్చే 15 వేలలో వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణ నిధికి మళ్ళించారు. తల్లుల డబ్బు తీయడం సబబా అని వాదించేవారు వాదించారు. ఏది ఏమైనా, దొడ్డి కట్టడానికి ఒకసారి పెట్టే ఖర్చు, దాన్ని శుభ్రంగా ఉంచడానికి ప్రతినెలా పెట్టే ఖర్చు వేర్వేరు అని ప్రభుత్వ పద్దుల్లో ఒప్పుకోవడం పెద్ద మెట్టే.

పురస్కారం కూడా మారుతూ వచ్చింది. మొదట ప్రభుత్వ బడులకే ఉన్నది తర్వాత ప్రైవేటు బడులకూ తెరుచుకుంది. 2021–22 విడతలో కోవిడ్ సన్నద్ధత ఆరో అంశంగా చేరింది. ఎనిమిది లక్షలకు పైగా బడులు వివరాలు పంపితే 2022 నవంబరు 19న జాతీయ పురస్కారం 39 బడులకు దక్కింది. వాటిలో 28 ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు, 21 పల్లెల్లోనివి. డబ్బుంటేనే శుభ్రత అనేవారికి ఈ రెండు అంకెలూ చూపించవచ్చు.

ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌కు వద్దాం. ఈ రాష్ట్రంలో పారిశుధ్యానికి దక్కిన గుర్తింపుల్లో అందరికీ తెలిసినది ఒక ముసలమ్మది. ధమ్‌తరీ జిల్లా కోటాభర్రీ గ్రామానికి చెందిన కుంవర్ బాయి యాదవ్ నూరేళ్ళు దాటిన వయసులో తన మేకలను అమ్మి ఇంటికి మరుగుదొడ్డి కట్టించుకుంది. 2016 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి వేదికపై ఆమె పాదాలకు నమస్కరించారు. 2018 ఫిబ్రవరిలో రాయపూర్ ఆసుపత్రిలో ఆమె కన్నుమూసింది. ఆ దొడ్డి ఆమె తన డబ్బుతో కట్టుకున్నది.

కాని రాయపూర్ బడిపిల్లల బెడద మరుగుదొడ్డి ఒక్కటే కాదు. నగరానికి ఉత్తరాన ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడలు ఉన్నాయి. అక్కడి స్పాంజ్ ఐరన్ కర్మాగారాల్లో ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి తిరిగే పొడవైన కొలుముల్లో కాలుస్తారు. పొగగొట్టం దగ్గర విద్యుత్తుతో ధూళిని పట్టే యంత్రం పనిచేస్తే చాలావరకు ఆగుతుంది, ఆపేస్తే మసి ఊరిమీద పడుతుంది. ఆ వైపు ఇళ్ళలో ఉదయం డాబా ఊడిస్తే నల్లటి పొడి వస్తుంది. గాలిలోని అతి సన్నని ధూళి, అంటే 2.5 మైక్రాన్ల కంటే చిన్నది, రోజు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించకూడదని మన జాతీయ ప్రమాణం. పెరుగుతున్న ఊపిరితిత్తులు కాబట్టి పిల్లలకు దీని హాని ఎక్కువ. ఇప్పుడు 2016 నాటి ఐదు అంశాలను మళ్ళీ చదవండి. వాటిలో గాలి లేదు. సిల్తరా పొగ కింద ఉన్న బడి కూడా కుళాయి, సబ్బు, దొడ్డి సరిగ్గా ఉంటే ఆకుపచ్చ రంగు పొందవచ్చు.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. అమెరికా విద్యాశాఖ 2012లో తొలిసారి 78 బడులకు 'గ్రీన్ రిబ్బన్' గుర్తింపు ఇచ్చినప్పుడు గది లోపలి గాలి నాణ్యతను కూడా లెక్కలోకి తీసుకుంది. అందులో నగదు లేదు, పేరు మాత్రమే. 1994లో మొదలైన 'ఎకో స్కూల్స్' పచ్చజెండా ఒకసారి ఇస్తే శాశ్వతం కాదు, గడువు తీరాక బడి మళ్ళీ నిరూపించుకోవాలి. నిర్మల్ గ్రామ్ పంచాయతీలకు అలాంటి గడువు ఉండి ఉంటే ఏమయ్యేదో! మన దేశంలోనే ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నడిపిన హరిత పాఠశాలల కార్యక్రమంలో గాలి ఒక అంశం. అక్కడ లెక్కలు తీసేది అధికారి కాదు, పిల్లలే. తరగతి గది కిటికీల వైశాల్యం, నేల వైశాల్యం కొలిచి నిష్పత్తి కడతారు. 2025 జూలైలో కేంద్రం ప్రారంభించిన 'స్వచ్ఛ ఏవం హరిత్ విద్యాలయ రేటింగ్'లో పాత ఐదు అంశాలకు పర్యావరణహిత జీవనశైలి తోడైంది.

రాయపూర్ పరిసరాల్లో చదివే పిల్లలు ఎవరి రేటింగ్ కోసమూ ఆగకుండా చేయగల ప్రయోగం ఒకటి ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న తెల్ల కాగితాన్ని తరగతి గది కిటికీ గట్టు మీద బరువు పెట్టి 24 గంటలు ఉంచండి. మర్నాడు దాని మీద పడిన ధూళిని మెల్లగా ఒకచోటికి చేర్చండి. పలుచని ప్లాస్టిక్ కవరులో చుట్టిన అయస్కాంతాన్ని దానిపై తిప్పండి. మట్టి రేణువుల్లో చాలావరకు కదలవు. ఇనుము కలిసిన మసి కవరుకు అంటుకుంటుంది. అయస్కాంతాన్ని బయటికి లాగితే ఆ పొడి రాలిపోతుంది. దాన్ని వేరే కాగితం మీదికి రాల్చి, పారదర్శకమైన టేపు అంటించి, తేదీ, గాలి వీచిన దిక్కు రాయండి. నెలకు నాలుగుసార్లు చేస్తే ఏడాదికి 48 కాగితాలవుతాయి. వాటిని షీల్డుల బీరువా పక్క గోడకు వరుసగా అతికించమని మీ ప్రధానోపాధ్యాయుల్ని అడగండి.